విరగాల్సిన చోటు

ఆదివారం పొద్దున భవాని వేసుకున్న ప్లాను చాలా చిన్నది. పదకొండింటికి పెద్ద సారు వస్తాడు. పావుగంటలో ఒక షాఫ్టును విరగ్గొట్టి చూపించాలి. నాటుకోడి కూరతో అన్నం పెట్టి, పొద్దు వాలకముందే భద్రాచలం సాగనంపాలి.

భవాని హైదరాబాదులో విమానాల సామాను డిజైన్ చేసే ఆఫీసులో ఇంజినీరు. విమానంలో ఇంజిన్‌కు ఒక జనరేటర్ తగిలించి ఉంటుంది. ఇంజిన్ దాన్ని తిప్పితే కరెంటు పుడుతుంది. గాలిలో ఉండగా ఆ జనరేటర్ బిగుసుకుపోతే ఇంజిన్‌కూ ముప్పే. అందుకని ఆ క్షణంలోనే రెండింటి పొత్తు తెంపే ఏర్పాటు ఒకటి కావాలి. అక్కర పడితే తెగి తీరాలి. అక్కర లేనప్పుడు ఎంత ఊగినా తెగకూడదు. తెగిందా, విమానం నేలకు దిగేదాకా మళ్లీ కలవదు. భవాని రెండేళ్లు ఆలోచించి రెండు దారులు పెట్టింది. పైలట్ మీట నొక్కితే పళ్ల చక్రాలు విడిపోతాయి. మీట పనిచేయకపోతే, రెండింటినీ కలిపే షాఫ్టుకు నడుమ కావాలనే సన్నగా చెక్కిన మెడ దానంతటదే విరుగుతుంది.

బుధవారం మీటింగులో ఎవరి డిజైన్ అన్నది ఖాయం చేస్తారు. పెద్ద సారు వెంకటరామారావు భద్రాచలం పోతూ దారిలో నమూనా చూస్తానన్నాడు. ఆయనకు నచ్చకపోతే భవాని రెండేళ్ల పని బీరువాలోకి, భవాని మళ్లీ ఇతరుల బొమ్మలకు కొలతలు వేసే బల్ల దగ్గరికి.

నమూనా తయారైంది పాల్వంచ రోడ్డు పక్క, తండ్రి దూలయ్య రేకుల షెడ్డులో. విమానం ఇంజిన్‌కు బదులు బరువైన చక్రాలున్న పాత డీజిల్ ఇంజిన్, జనరేటర్‌కు బదులు లారీ డైనమో. దూలయ్య బొగ్గుగనుల వర్క్‌షాపులో ముప్పై ఏళ్లు లేతు మిషన్ మీద పనిచేశాడు. చేసిన ప్రతి వస్తువు మీదా ‘దూ’ అని అచ్చు గుద్దేవాడు. ఆ అక్షరమున్నది ఒక్కటీ విరిగి వెనక్కి రాలేదని పేరు. కూతురి బొమ్మలో మెడ ఆరు మిల్లీమీటర్లే అని చూసి, కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాడు. అడిగితే చదువుకున్న పిల్ల చిన్నబోతుందని అడగలేదు. ఎందుకో చెప్పాలని ఆమెకూ తోచలేదు, కొలత రాసిందిగా! ఆయన మూడు షాఫ్టులు కొలతకు చేసి, మూడింటి మీదా ‘దూ’ గుద్దాడు.

దూలయ్య కోడి కోసం వెళ్లిన వేళ భవాని ఒక షాఫ్టు బిగించి పరీక్ష చేసింది. తిరుగుతున్న డైనమోను ఇనుప చీలతో పట్టేయగానే మెడ టప్పున విరిగింది. ఇంజిన్ హాయిగా తిరుగుతూనే ఉంది. ఆమె ముక్కలు సంచిలో వేసుకుని, డీజిల్ పొగకు కారుతున్న కళ్లు చున్నీతో తుడుచుకుంటూ, సారుకు దారి చూపడానికి సెంటరుకు వెళ్లింది.

వంటింటి కిటికీలోంచి తల్లి ముత్తక్క చూసింది ఇంతే: చప్పుడు, విరిగిన ముక్కలు, కళ్లు తుడుచుకునే కూతురు.

దూలయ్య గడప తొక్కాడో లేదో అందుకుంది. “ఏందయ్యా నువ్వు చేసింది? ఇరిగిపాయె! పిల్ల ఏడ్సుకుంట పోయింది.”

“నేను చేసింది ఇరిగిందా?” కోడి ఆయన చేతిలోంచి జారి షెడ్డు మీదికి ఎగిరింది.

“అవ్. ఇంకో గంటల సారు వస్తడు. నీ పేరుకేంగని, పిల్ల నౌకరి సంగతి సూడు.”

దూలయ్య మిగిలిన రెండు షాఫ్టులూ పట్టుకుని పక్క షెడ్డు వెల్డర్ జానీ దగ్గరికి ఉరికాడు. జానీ మెడను చూసి ముక్కు మీద వేలేసుకున్నాడు.

“గిదేంది మామా, ఎలక కొరికినట్టున్నది?”

“జల్దీ నింపురా. బిడ్డ ఇజ్జత్ కా సవాల్.”

“భవాని నాకు చెల్లె కాదా? ఏనుగు గుంజినా ఇరగొద్దు, సూడు!”

ఉన్నవాటిలో గట్టి రాడ్డు తీసి మెడ నిండా కరిగించి పోశాడు. పనిలో పనిగా, ఇంజిన్ అదిరి షాఫ్టు విరిగి ఉంటుందని, ఇంజిన్ చట్రాన్ని వెనక వైపు షెడ్డు గుంజకు లారీ గొలుసుతో బిగించాడు. దూలయ్య షాఫ్టు బిగించి, దాని మీద భవాని చేయించిన రేకు మూత కప్పాడు.

“అంత తయారు జేసిన బిడ్డా,” అన్నాడు కూతురు రాగానే. భవాని మురిసిపోయింది.

వెంకటరామారావు ఇసుక బస్తాల వెనక నిలబడ్డాడు. మొదట భవాని మీట నొక్కింది. పళ్ల చక్రాలు విడిపోయాయి, డైనమో ఆగింది, ఇంజిన్ తిరుగుతూనే ఉంది. సారు తల ఊపాడు. “బాగుందమ్మా. మీట పని చేయకపోతే?”

“అదే చూపిస్తా సార్.” మళ్లీ కలిపి, తాడు లాగి, చీల దించింది.

మెడ విరగలేదు. డైనమో తన కింది ఇనుప పలకను పెకలించుకుని గిరగిరా తిరిగింది. చట్రం మెలి పడింది. గొలుసు గుంజను గుంజింది. గుంజ రేకులను గుంజింది. పొద్దుటి కోడి దిగడం, కప్పు దిగడం ఒకేసారి జరిగాయి.

దుమ్ములోంచి ముందుగా జానీ గొంతు వినిపించింది. “సూసిన్రా సార్! అంత పాయె గని షాఫ్టు ఇరగలే!”

దూలయ్య కూడా గర్వంగా మీసం తుడుచుకున్నాడు. భవాని మూత ఎత్తి, ఉబ్బిన మెడను చూసి నేల మీద కూలబడింది.

“నాయినా, అది ఇరగాలె.”

“ఏందీ?”

“ఇరగడానికే చేయమన్న.”

దూలయ్య మీసం మీది చెయ్యి దించాడు. ముత్తక్కే నెమ్మదిగా అంది: “వేంసూరుల మా నాయిన గట్లనే జేసేటోడు. నాగలి కాడ ఒక తాడు పాతదే కట్టేటోడు. భూమిల రాయి తగిల్తే తాడు తెగాలె గని ఎద్దు మెడ ఇరగొద్దని. గిదేనా బిడ్డా నువ్వు రెండేండ్లు చదివింది?”

“అదేనమ్మా,” అంది భవాని. పొద్దున విరిగిన ముక్కలు సంచిలోంచి తీసి సారు చేతికిచ్చింది. ఆయన ఆ ముక్కలను చూశాడు, కప్పును చూశాడు, డ్రాయింగ్ అడిగి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు.

“విరిగితే ఏమవుతుందో చూద్దామని వచ్చాను. విరగకపోతే ఏమవుతుందో కూడా చూపించారు. అయితే అమ్మాయ్, ఇందులో కొలత ఉంది. ఇది విరగడానికే అని ఎక్కడుంది?”

భవాని తల దించుకుంది. “కొలత చాలనుకున్నాను సార్.”

“రేపు ఇది మీ నాన్నగారిలాంటి పనిమంతుడి చేతికే పోతుంది. ఆయన మంచి మనసుతోనే లావు చేస్తాడు. ఆ మెడను చెయ్యి అందని గొట్టంలో దాచు. విరగడానికే అని పైన రాయి. బుధవారం మీటింగులో ముందు నీదే పెడదాం.” తలలోంచి తుప్పు దులుపుకున్నాడు. “కోడి ఏమైంది?”

కోడి రేకుల కిందినుంచి బయటికి వచ్చి అడవి వైపు పోయింది. ఆయన పప్పుతో తిన్నాడు.

డిజైన్ ఖాయమైంది. పరీక్షలకు పది షాఫ్టులు దూలయ్యే చేశాడు. ఒక్కదాని మీదా పేరు గుద్దలేదు. “ఇరిగేదానికి నా పేరెందుకు?” అన్నాడు. మూడు నెలలకు పార్సిల్ వచ్చింది. పదీ చెప్పిన చోటే, చెప్పినంత బరువుకే విరిగాయని కూతురి ఉత్తరం. దూలయ్య ఇరవై ముక్కలనూ బల్ల మీద వరసగా పేర్చి, ఒక్కొక్కదాని మీదా నిదానంగా ‘దూ’ గుద్దాడు. తర్వాత పక్క షెడ్డు వినేలా కేకేశాడు.

“జానీ! పదికి పది ఇరిగినయ్‌రా!”

“ఫికర్ చెయ్యకు మామా,” అన్నాడు జానీ, వెల్డింగ్ రాడ్డు వెతుక్కుంటూ. “తీస్కరా, అతుకుదాం.”