బూజు లేని భవనం

ఆ నాలుగంతస్తుల భవనంలో బూజు లేదని నివాసుల సంఘం ఏకగ్రీవంగా తీర్మానించి తొమ్మిదేళ్లయింది. తీర్మానం ప్రతిని మెట్ల పక్కన అద్దాల పెట్టెలో పెట్టి తాళం వేశారు. దానికి బూజు పట్టినప్పుడల్లా కొత్త ప్రతి రాయించి పెట్టే బాధ్యత కార్యదర్శిగారిది. ఆ బాధ్యతను ఆయన ఏడాదికి మూడుసార్లు, ఏ లోటూ రానివ్వకుండా నిర్వహిస్తున్నారు.

ఆ ఊళ్లో ఎనిమిది నెలలు వాన కురుస్తుంది. మిగతా నాలుగు నెలలు కురవాలా వద్దా అని ఆలోచిస్తుంది. డబ్బాలో ఉప్పును చెంచాతో తీసుకోవడం ఉండదు, వంచుకోవడమే. మంచం కింద వదిలిన చెప్పులకు వారం తిరిగేసరికి నూగు మీసాలు వస్తాయి. అలాంటి ఊళ్లో నలభై ఇళ్ల భవనం ఒకటి చెమ్మ అంటే ఏమిటో ఎరగకుండా నిలబడటం సామాన్యమైన సంగతి కాదు. అందుకే పై అధికారులు మెచ్చి "ఉత్తమ పొడి భవనం" అని పురస్కారం ఇచ్చారు. దాంతోపాటు మంచమంత బోర్డు కూడా ఇచ్చారు. వీధిలో పోయేవాళ్లందరికీ కనబడేలా దాన్ని బిగించడానికి సరైన చోటు ఒక్కటే దొరికింది. అది కింది అంతస్తులో టైలరమ్మ ఇంటి లోపలి గదికున్న ఒకే ఒక్క కిటికీ.

ఆ ఇంట్లో అత్తాకోడళ్లు ఇద్దరే ఉంటారు. ముందు గదిలో కోడలు మిషను కుడుతుంది. లోపలి గదిలో అత్తగారు దగ్గుతుంది. బోర్డు బిగించిన రోజున సంఘం అధ్యక్షులవారు స్వయంగా వచ్చి, ఇంత గౌరవం ఇంకెవరి గోడకూ దక్కలేదని ఇద్దరినీ అభినందించి వెళ్లారు.

ఇక భవనంలో మిగతా ముప్పై తొమ్మిది ఇళ్ల సంగతి. అక్కడ బూజు అన్న మాట ఎవరూ వాడరు. మరీ దగ్గరివాళ్లతో, అదీ తలుపు వేసుకుని, గోడ మీద కాస్త నీడ పడిందంటారు. మొదట్లో ఆ నీడ మీద తాతగారి ఫోటో తగిలించేవారు. నీడ పెరిగితే ఫోటోను పెద్దది చేయించేవారు. పూర్వీకుల మీద అంత భక్తి మరే భవనంలోనూ కనిపించదు. ఒకరింట్లో తాతగారు తలుపు కన్నా పెద్దవారయ్యాక, ఇక ఫోటోలతో లాభం లేదని అందరూ గోడతెరలకు మారారు. ఆ తెరలు కుట్టేది టైలరమ్మే.

జాకెట్టు కొలతలు ఇచ్చేటప్పుడు ఊపిరి బిగబట్టి నడుం దగ్గర ఒక అంగుళం దాచే ఆడవాళ్లు, గోడ కొలతల దగ్గర రెండడుగులు దాచేవారు. టైలరమ్మ సరేనని తలూపేది. ఎదిగే పిల్లల గౌన్లకు లోపల మడిచి కుట్టినట్టే గోడతెరకు కూడా అడుగున్నర మడిచి కుట్టేది. వానలు ముదిరాక విప్పుకుంటారు. ఏ ఇంటి గోడ ఎన్నడుగులు, కిందటేడు ఎంత విప్పింది, అన్నీ ఆమె కొలతల పుస్తకంలో ఉన్నాయి. మనుషుల నడుములూ గోడల నడుములూ ఒకే పుస్తకంలో, ఒకే నోటి తాళం కింద.

ఆ ఏడు అత్తగారి దగ్గు మరీ ఎక్కువైంది. ఒక మాట పూర్తి చేయాలంటే మధ్యలో మూడుసార్లు ఆగాలి. ఆవిడకు మాట ఆగడమంటే ప్రాణం ఆగడమే. డాక్టరమ్మ వచ్చి చూసింది. మందు రాయకముందే గోడ వైపు చూసి, ఈ గోడ గీకించి కిటికీ తెరవకపోతే వచ్చే వానలు ఈవిడ చూడదని చెప్పి వెళ్లింది.

టైలరమ్మ సంఘానికి అర్జీ పెట్టుకుంది. బూజు వల్ల కిటికీ తెరవాలి, బోర్డు తీయించండి అని. వారంలో జవాబు వచ్చింది. భవనంలో బూజు లేదు కాబట్టి బూజు కారణంగా కిటికీ తెరవడం కుదరదు. బూజు కాక వేరే కారణమేదీ అర్జీలో లేదు కాబట్టి, కారణం లేని పనికి అనుమతి అడగనవసరం లేదు, ఇవ్వనవసరమూ లేదు.

అయినా సంఘం దయలేనిది కాదు. ముగ్గురు సభ్యులతో విచారణ ఉపసంఘం వేసింది. ముగ్గురూ గడప దగ్గరే నిలబడి, ముక్కులకు రుమాళ్లు అడ్డం పెట్టుకుని, గది చాలా ఆహ్లాదంగా ఉందని రాసుకున్నారు. ఉన్న కొద్దిపాటి తేమ కూడా లోపలున్న వ్యక్తి ఊపిరి వల్ల పుడుతున్నదని తేల్చారు. మర్నాడు నలభై ఇళ్లకూ ప్రకటన అందింది. "నివాసులు ఇళ్లలో అవసరానికి మించి ఊపిరి పీల్చరాదు. దీర్ఘశ్వాసలు, నిట్టూర్పులు, ఆవలింతలు మేడ మీద మాత్రమే కానిచ్చుకోవలెను."

కోడలు ఆ కాగితం చదివి వినిపించింది. అత్తగారు మంచం మీంచి తల తిప్పింది.

"తగ్గించుకోమంటున్నారా అమ్మాయ్..." ఒక దగ్గు. "కొద్ది కొద్దిగా ఎందుకు..." ఇంకో దగ్గు. "మొత్తానికే ఆపేస్తానని చెప్పు. నీకైనా ఒక ప్రశంసాపత్రం ఇస్తారు."

ఆ మాటకు కోడలు నవ్వింది. నవ్వుతూనే వంటింట్లోకి వెళ్లి చాలాసేపు బయటికి రాలేదు. ఆ ఆదివారం సర్వసభ్య సమావేశానికి వెళ్లేటప్పుడు కొలతల పుస్తకం చంకలో పెట్టుకుంది.

అధ్యక్షులవారు తూనికలు కొలతల శాఖలో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరైన మనిషి. తక్కువ తూచినవాణ్ని ఒక్కణ్ని కూడా వదల్లేదని పేరు. మైకు అక్కర్లేని హాల్లో మైకు పట్టుకుని లేచారు.

"సోదర సోదరీమణులారా, మన పెద్దలు మనకు పొడి గోడలు ఇచ్చి వెళ్లారు. ఆ పొడితనాన్ని రేపటి తరానికి చెక్కుచెదరకుండా అందించడం మన విధి. ఒక ఇంటి దగ్గు కోసం నలభై ఇళ్ల పరువు తీసుకుందామా? సరే, ప్రజాస్వామ్యం కాబట్టి అడుగుతున్నాను. మీలో ఎవరింట్లోనైనా బూజు ఉంటే చెయ్యెత్తండి."

ఎవరూ ఎత్తలేదు. టైలరమ్మ ఒక్కొక్క మొహమే చూసుకుంటూ వెళ్లింది. ఏడడుగుల తెర కుట్టించుకున్నావిడ గాజులు సర్దుకుంటోంది. అయిదడుగులాయన పైకప్పు చూస్తున్నాడు. మొన్న బుధవారమే మడత విప్పించుకున్నావిడ అందరికన్నా గట్టిగా తల అడ్డంగా ఊపుతోంది.

టైలరమ్మ లేచి పుస్తకం తెరిచింది. పుస్తకం విప్పిన టైలరుకు మళ్లీ ఎవరూ గుడ్డ ఇవ్వరని ఆమెకు తెలుసు. మిషను ఆగితే ఇల్లు ఆగుతుందనీ తెలుసు. అయినా గొంతు సవరించుకుంది.

"పేర్లు చదవనండీ. కొలతలు మాత్రం చదువుతాను. ఏడడుగులు, హాలు. కిందటేడు అడుగున్నర విప్పాం. అయిదడుగులు, పూజగది పక్క గోడ. ఎనిమిదిన్నర, మూల తిరిగి పక్క గోడ మీదికి వచ్చింది."

హాల్లో గాలి కదలడం మానేసింది. ఊపిరి తగ్గించుకోమన్న సంఘం ఆదేశాన్ని నివాసులు అంత నిష్ఠగా పాటించడం అదే మొదటిసారి. ఎవరి కొలత వచ్చినప్పుడు వాళ్ల చెవులు ఎర్రబడ్డాయి. టైలరమ్మ పేజీ తిప్పింది.

"పదడుగులు. పడగ్గది. నేల నుంచి పైకప్పు దాకా. దీనికి మడిచి వదలడానికి చోటు లేక..."

అధ్యక్షులవారు ఎర్రబడ్డ చెవులతో మైకు అందుకున్నారు. సభ్యురాలి విన్నపం ఎంతో న్యాయమైనదనీ, వృద్ధుల సేవే ఈ సంఘం మొదటి ఆశయమనీ, వెలుతురు నిమిత్తం కిటికీ తెరవడానికి తక్షణమే అనుమతిస్తున్నామనీ సెలవిచ్చారు. చప్పట్లు మోగాయి. అందరూ గట్టిగా ఊపిరి పీల్చుకున్నారు. నియమం ఉల్లంఘించారని ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

మర్నాడే బోర్డు ఊడదీశారు. ఆరడుగులు పక్కకు జరిపి పక్కింటి కిటికీకి బిగించారు. పక్కింటివాళ్లు తమకు ఇన్నాళ్లకు గుర్తింపు వచ్చిందని ఎంతో సంతోషించారు.

గోడ గీకించి సున్నం వేయించాక, కిటికీలోంచి గాలి వచ్చిన మూడు వారాలకు అత్తగారి దగ్గు సగమైంది. ఆరో వారానికి ఎప్పుడో గాని వినిపించడం లేదు. మధ్యాహ్నాలు పైఅంతస్తుల ఆడవాళ్లు ఆవిణ్ని పలకరించే వంకతో వచ్చి, కిటికీ దగ్గర కూర్చుని, ఒక గంట హాయిగా గాలి పీల్చుకుని వెళ్లేవారు. గుడ్డలు ఇవ్వడం కూడా మానలేదు. కొలతలు తెలిసిన మనిషిని దూరం చేసుకోవడం కన్నా దగ్గర పెట్టుకోవడమే క్షేమమని వాళ్లకు తోచింది. వెళ్తూ వెళ్తూ గడపలో ఆగి మాత్రం అందరూ ఒకే మాట అనేవారు. పాపం, భవనం మొత్తానికి మీ ఒక్క ఇంట్లోనే కదండీ, ఎలా భరించారో అని. అత్తగారు వాళ్లను నవ్వుతూ సాగనంపి, ఆ తర్వాత తమలపాకు నమిలినట్టు ఆ పాపం అనే మాటను సాయంత్రం దాకా నమిలేది.

వానాకాలం మొదట్లో నగరపాలక కార్యాలయం నుంచి ఒక అమ్మాయి అట్ట, పెన్ను పట్టుకుని వచ్చింది. ఊళ్లో చెమ్మ జబ్బులు పెరిగాయట. భవనంలో ఒక్క ఇల్లు బూజు ఉందని రాయించినా చాలు, అన్ని ఇళ్లకూ గోడలు బాగుచేయించి, గాలి ఆడేలా కొత్త కిటికీలు పెట్టిస్తారట. నాలుగో అంతస్తు నుంచి ఒక్కో తలుపే తడుతూ దిగింది. ముప్పై తొమ్మిది తలుపుల్లోనూ లేదన్నారు. ఎనిమిదిన్నర అడుగులవాళ్లయితే అడిగినందుకు నొచ్చుకున్నారు.

చివరి తలుపు టైలరమ్మది. ఆ అమ్మాయి అట్ట మీద వరసగా సున్నాలు చుట్టి ఉండటం ఆమె చూసింది. మిషను ఆపింది. పైఅంతస్తుల పడగ్గదుల్లో తెరల వెనక నిద్రపోయే పిల్లల్ని తలుచుకుంది. ఒక్క మాట చాలు. ఉందమ్మా, ఉండేది, మా గోడ మీద ఇంత మేర, అని చెప్పడానికి నోరు తెరిచింది.

అంతలో లోపలి గదిలోంచి అత్తగారు గడప దాకా నడిచి వచ్చింది.

"ఏంటమ్మా అడుగుతున్నావు? మా ఇంట్లో బూజా? ముప్పై తొమ్మిది ఇళ్లలో లేనిది మా ఇంట్లోనే ఎందుకుంటుంది? మా వంశంలోనే లేదు. ఆ కిటికీ అందం కోసం పెట్టించుకున్నాం, రాసుకో."

ఇంత మాటా ఆవిడ ఒక్క గుక్కలో, ఒక్కసారి కూడా దగ్గకుండా అన్నది.