ఇస్తినమ్మ గాలిపంపు

ఆ శనివారం పొద్దున్న నీళ్ళశాఖ ఉద్యోగి యసునోరి వేసుకున్న పథకం చాలా చిన్నది. అన్నం తినడం, కారు బానెట్ ఎత్తడం, గాలిపంపు ఊడదీయడం, మధ్యాహ్నం మిత్రుడు ఒనొదా ఇంజన్‌కి ఊపు పెంచే టర్బో పట్టుకొచ్చేసరికి దానికి చోటు సిద్ధం చేసి ఉంచడం. హిరోషిమా పొలిమేరలో కొండవాలున ఉన్న ఆ పేటలో శనివారాలు ఇంతకన్నా పెద్ద పనులు ఎవరూ పెట్టుకోరు. అతను పరుపు మడతపెడుతూనే ఈల అందుకున్నాడు.

కారు అంటే మామూలు కారు కాదు. యసునోరి పెళ్ళికన్నా ముందు పుట్టిన రోటరీ ఇంజన్ స్పోర్ట్స్ కారు. అందులో పిస్టన్లు పైకీ కిందకీ కొట్టుకోవు. మూడు మూలల ముద్ద ఒకటి రుబ్బురోట్లో పొత్రంలా గిరగిరా తిరుగుతుంది. ఆ చప్పుడు వింటే యసునోరికి ఒళ్ళు పులకరించేది. అది తాగే పెట్రోలు చూస్తే అతని భార్య చిజురుకి ఒళ్ళు మండేది. అయినా ఆవిడ అడ్డు చెప్పలేదు. ఒక్క షరతు పెట్టింది.

"టర్బో పెట్టుకుంటారో, రెక్కలే పెట్టుకుంటారో మీ ఇష్టం. కానీ ప్రభుత్వ తనిఖీలో ఒక్కసారి తప్పిందా, మర్నాడే అమ్మేసి డబ్బా వ్యాను కొంటున్నాం. కూరగాయల సంచీ పెట్టుకోడానికి చోటుంటుంది."

డబ్బా వ్యాను తలుచుకుంటేనే యసునోరికి ముద్ద దిగేది కాదు. ఆ తనిఖీ వచ్చే నెలలోనే ఉంది. అందులో గట్టెక్కాలంటే గాలిపంపు ఉండి తీరాలి. ఇంజన్లో కాలకుండా పొగలోకి జారుకునే పెట్రోలు మీదికి తాజా గాలి ఊది, దాన్ని దారిలోనే కాల్చేసేది ఆ పంపే. వచ్చిన చిక్కల్లా టర్బో కూచోవలసిన చోట దాని గొట్టాలే అడ్డం. అందుకని రోటరీ పిచ్చివాళ్ళందరూ ఒకటే పని చేస్తారు. లారీ మీద పందేల సర్క్యూట్‌కి తీసుకుపోయి పరుగెత్తించేటప్పుడు పంపు తీసేస్తారు, తనిఖీ వేళకి మళ్ళీ బిగిస్తారు. కంపెనీ ఆ పంపు చెయ్యడం మానేసి చాలా కాలమైంది. పాతసామాన్ల కొట్లలో వెతికినా దొరకదు. అది పోతే కారు పోయినట్టే.

ఆ సంగతి తెలుసు కనకే యసునోరి దాన్ని పసిబిడ్డను ఎత్తినట్టు బయటికి తీశాడు. బెల్టు సడలించి, తుప్పు పట్టిన బోల్టులను బతిమాలి, తిట్టి, చివరికి ఎలాగో ఊడదీసి, పంపునూ దాని కవాటాన్నీ కిరసనాయిలుతో తుడిచి ముద్దొచ్చేలా చేశాడు. లోపల కదలకుండా పాత తువ్వాళ్ళు చుట్టాడు. చిజురు దాచుకున్న ఖాళీ సోమెన్ పెట్టె ఒకటి తెచ్చి అందులో పెట్టాడు. వేసవిలో మంచునీళ్ళలో వేసుకు తినే ఆ సన్న సేమ్యా కానుకల కోసం మంచి చెక్కపెట్టెల్లో వస్తుంది. అలాంటి పెట్టె పారేసిన ఇల్లాలు ఆ పేటలో ఇంకా పుట్టలేదు. పైన ఆవిడ దాచుకున్న కానుక కాగితమే చుట్టి, తాడు కట్టి, పోకుండా ఉంటుందని వీధిగుమ్మం దగ్గర చెప్పుల అర మీద పెట్టాడు. తన తెలివికి తనే మురిసిపోయి మళ్ళీ కారు కిందికి దూరాడు.

ఆ అర మీద అచ్చం అలాంటి పెట్టే ఇంకొకటి అప్పటికే ఉందని అతను గమనించలేదు.

"ఏమండీ, నేను మన పేటపెద్ద కురితాని తాతగారింటికి వెళ్ళి వేసవి కానుక ఇచ్చొస్తా," అని గుమ్మంలోంచి చిజురు కేక వినబడింది.

"ఊఁ," అన్నాడు యసునోరి కారు కిందనుంచి. గొట్టాలు తీసిన చోట మిగిలిన కన్నాలకు రేకుమూతలు బిగిస్తున్న మనిషి, ఇల్లు తగలబడుతోందన్నా ఊఁ అనే అంటాడు.

రెండు గంటలు తంటాలుపడి మూతలు బిగించాక, మిగిలిన బోల్టులు పంపుతోపాటే దాచుదామని అతను గుమ్మం దగ్గరికొచ్చి పెట్టె విప్పాడు. లోపల తెల్లగా, తీరుగా, కట్టలు కట్టలుగా సోమెన్ ఉంది.

తాతగారింటినుంచి బజారుకి కూడా వెళ్ళి అప్పుడే తిరిగొచ్చిన చిజురు, చెక్క పెట్టె ముందు చతికిలబడ్డ మొగుణ్ణి చూసి నిలబడిపోయింది.

"ఏ పెట్టె ఇచ్చావే తాతగారికి?"

"బరువుగా ఉన్నది. ఈసారి కొట్టువాడు ధర్మాత్ముడు, రెండు కట్టలు ఎక్కువేశాడనుకున్నా."

"అవి కట్టలు కావు. నా గాలిపంపు!"

"ఇనప సామాను కానుక కాగితంలో చుట్టమని మీకెవరు చెప్పారండీ?" అని చిజురు కూడా చతికిలబడింది. "అయ్యో, వెనక్కి అడుగుదామా అంటే... ఇచ్చిన కానుక అడిగి తెచ్చుకున్నారంటే ఈ పేటలో మళ్ళీ తలెత్తుకు తిరగ్గలమా? అడక్కపోతే, పేటపెద్దకి పాత ఇనుము అంటగట్టారంటారు!"

ముందు నుయ్యి, వెనక గొయ్యి. కానీ యసునోరి బుర్ర టర్బో తగిలించినట్టు తిరిగింది. కానుక ఇచ్చినవాళ్ళ ముందు ఎవరూ విప్పరు. వాళ్ళు వెళ్ళాకయినా వెంటనే విప్పరు. ఇంట్లో పోయిన పెద్దల పీఠం ముందు పెట్టి, దణ్ణం పెట్టుకుని, తర్వాతెప్పుడో విప్పుతారు. అంటే పంపు ఇంకా పీఠం ముందే ఉండాలి. దణ్ణం పెడుతూ పెట్టెలు మార్చెయ్యొచ్చు! అతను సోమెన్ పెట్టెకి మళ్ళీ కాగితం చుట్టి, సంచీలో వేసుకుని పరుగెత్తాడు.

"అమ్మగారికి ఓ అగరొత్తి వెలిగిద్దామని వచ్చానండీ," అన్నాడు ఆయాసపడుతూ.

భార్య పోయి ఒంటరిగా ఉంటున్న కురితాని తాతగారి కళ్ళు చెమర్చాయి. "నీళ్ళశాఖవాళ్ళకి గుండె ఉంటుందని ఇవాళే తెలిసింది నాయనా. రా, లోపలికి రా."

పీఠం ముందు రెండు పీచ్ పళ్ళున్నాయి, చిన్న గిన్నెలో అన్నముంది. పెట్టె లేదు. యసునోరి అగరొత్తి వెలిగించి, కళ్ళు మూసినట్టే మూసి గదంతా వెతికాడు. ఎక్కడా లేదు. పైప్రాణాలు పైనే పోయాయి.

"పొద్దున్న మా ఆవిడ తెచ్చిన సోమెన్..." అని నసిగాడు.

తాతగారు తేలు కుట్టిన దొంగలా ఉలిక్కిపడ్డాడు. "ఓ, సోమెనా! ఏం రుచి నాయనా! ఆగలేక అప్పుడే తినేశాను. నోట్లో వేసుకుంటే వెన్నలా కరిగిపోయింది!"

"కరిగిందా?" యసునోరి ఇక ఉండబట్టలేకపోయాడు. "అది ఇనుము తాతగారూ! నా కారు గాలిపంపు!"

తాతగారి మొహం పాలిపోయింది.

"నేను తిన్లేదు. ముసలి ఒంటిగాణ్ణి, అంత సోమెన్ ఏం చేసుకోను? పై కాగితం మార్చి, నా పేరు రాసి, మిజోగుచి డాక్టరమ్మకి ఇచ్చొచ్చాను. నాకు కొత్త పళ్ళు కడుతోంది కదా అని..." ఆయన గబుక్కున లేచాడు. "ఓరి నాయనోయ్! పళ్ళ డాక్టరుకి నా పేరుతో ఇనుము పంపానా! కట్టిన పళ్ళతో ఇది కొరికి చూసుకో అన్నట్టు లేదూ?"

ఇంతవరకూ ఒక్కడి పరువు. ఇప్పుడు ఇద్దరిదైంది. తాతగారి బుల్లి ట్రక్కులో ఎక్కి ఇద్దరూ కొండవాలు మీదనుంచి జారినట్టే దిగారు. బ్రేకులు ఎందుకున్నాయో మరిచిపోయి నడిపాడాయన. సర్క్యూట్ మీద ఎన్నోసార్లు హడలెత్తించే మలుపులు తిరిగిన యసునోరి, ఆ కూరగాయల ట్రక్కులో మొదటిసారి కళ్ళు మూసుకున్నాడు.

డాక్టరమ్మ ఒక రోగి నోట్లో దూది కుక్కుతోంది. తలుపు దగ్గర వీళ్ళను చూడగానే నవ్వు పులుముకుంది.

"తాతగారూ, మీ సోమెన్ ఎంత మెత్తగా ఉందండీ! పంటికి తగలనేలేదు!"

"తగిలుంటే పన్ను మిగిలేది కాదమ్మా!" అన్నాడు తాతగారు నెత్తి కొట్టుకుంటూ. "ఎవరికిచ్చావో చెప్పు తల్లీ, అది ఇనప యంత్రం!"

డాక్టరమ్మ చేతిలోని పట్టకారు కింద పడింది. "తొకుహరా గారికిచ్చాను. మా వాడికి సంబంధం కుదురుస్తున్న పెద్దమనిషి. నా పేరు రాసి మరీ ఇచ్చాను. రేపే పెళ్ళివారితో మాట్లాడబోతున్నారు... అయ్యయ్యో, పెళ్ళికొడుకు తల్లి తుక్కు సామాను పంపిందంటే ఇంకేం మాట్లాడతారు?"

యసునోరి మధ్యలో అందుకున్నాడు. "ఏ తొకుహరా? నీళ్ళశాఖలోనా?"

"అవును, సెక్షన్ పెద్ద."

అంటే తన పై అధికారి! నవ్వితే జీతం కోస్తారన్నట్టుండే మనిషి. ఆఫీసులో పెన్ను కిందపడినా తలెత్తి చూసే మనిషి. ఇహ కారు పోవడమే కాదు, పరువూ పోతుంది. గోరుచుట్టు మీద రోకటి పోటంటే ఇదే.

"నోరు మూయకండి, ఇప్పుడే వచ్చేస్తా," అని రోగికి చెప్పి, డాక్టరమ్మ తెల్లకోటుతోనే ట్రక్కు వెనక ఎక్కేసింది.

తొకుహరా గారి భార్య తలుపు తీసింది. ఆవిడ మొహంలో కంగారు.

"సమయానికి వచ్చారు డాక్టరమ్మా. మీ పెట్టె విప్పిన దగ్గర్నుంచీ ఆయన షెడ్డులోంచి బయటికి రాలేదు. ఏడుస్తున్నారు."

ముగ్గురూ మొహమొహాలు చూసుకున్నారు. షెడ్డు దగ్గరికెళ్ళి, గుమ్మంలోనే మోకాళ్ళ మీద కూలబడి, నుదుళ్ళు నేలకి ఆనించారు. "మన్నించండి!" అని ముగ్గురూ ఒక్కసారే అరిచారు.

"మన్నించడమేమిటి?" అన్న గొంతు వణికింది.

తలెత్తి చూస్తే తొకుహరా గారు నిలబడి ఉన్నారు. చొక్కా చేతులు మడిచి ఉన్నాయి, ముక్కు మీద జిడ్డు మరక, చేతుల్లో గాలిపంపు. కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి, పెదాల మీద నవ్వు. ఆ నవ్వు యసునోరి ఉద్యోగంలో చేరాక చూడలేదు. ఆయన వెనక, పక్కకి లాగేసిన గుడ్డ కింద, ఎర్రటి రోటరీ కారు. యసునోరి కారుకి కవలపిల్ల.

"దీని పంపు బిగుసుకుపోయి తనిఖీలో తప్పింది. ఎక్కడా దొరకలేదు. అమ్మేశానని అందరికీ చెప్పి ఇక్కడ దాచుకున్నాను. నా కారు బతికింది డాక్టరమ్మా! నా మనసులో మాట మీకెలా తెలిసింది?"

డాక్టరమ్మ టక్కున లేచి కోటు దులుపుకుంది. "పెళ్ళి కుదిర్చే పెద్దల మనసు తెలుసుకోకపోతే ఎలాగండీ?"

"సలహా ఇచ్చింది నేనే," అన్నాడు కురితాని తాతగారు కూడా లేచి.

నేల మీద యసునోరి ఒక్కడే మిగిలాడు, ఒళ్ళో సోమెన్ సంచీతో. ఊరుకుంటే అందరికీ శుభం. సారు కారు నడుస్తుంది, డాక్టరమ్మ కొడుక్కి పెళ్ళవుతుంది, తాతగారి పళ్ళు నిలబడతాయి. తనకి డబ్బా వ్యాను వస్తుంది. కూరగాయల సంచీ కళ్ళముందు కదిలింది.

"సార్! ఆ పంపు నాది!"

చెప్పుల అర దగ్గర మొదలుపెట్టి వెన్నలా కరిగిన ఇనుముదాకా యసునోరి అంతా ఒక్క ఊపిరిలో చెప్పేశాడు. తాతగారు పైకప్పు చూశాడు. డాక్టరమ్మ నేల చూసింది. తొకుహరా గారు పంపును గుండెకి ఇంకాస్త హత్తుకున్నారు.

"అసలు ఎందుకు ఊడదీశావయ్యా దీన్ని?"

"టర్బో పెడుతున్నానండీ. మధ్యాహ్నం వస్తోంది."

"టర్బో..." ఆ మాట ఆయన నోట్లో చాలాసేపు ఉంది. "అయితే నీకు పంపుతో పని తనిఖీ నాడేగా?"

"అంతే సార్."

"నీ తనిఖీ ఎప్పుడు?"

"వచ్చే నెల."

"ఆ తర్వాత రెండేళ్ళూ ఇది పెట్టెలో కూచునేదేగా?" తొకుహరా గారు భార్య వింటోందేమోనని ఇంట్లోకి ఓ చూపు చూసి గొంతు తగ్గించారు. "ఇదిగో. ఇవాళ నువ్వే తీసుకెళ్ళు, ముందు నువ్వు గట్టెక్కు. శీతాకాలంలో నాకియ్యి, నేను గట్టెక్కుతా. మళ్ళీ నీకు పంపుతా. ఆ... నీ స్నేహితుడి దగ్గర ఇంకో టర్బో ఏమైనా ఉంటుందంటావా?"

యసునోరి ఎగిరి గంతేసినంత పనిచేశాడు. పై అధికారిని కావలించుకున్న మొదటి నీళ్ళశాఖ ఉద్యోగి అతనే అయ్యుంటాడు. ఆ ఆనందంలో సంచీలో సోమెన్ బయటికొచ్చింది. తొకుహరా గారి భార్య దాన్ని ఉడకబెట్టి మంచునీళ్ళలో వేసింది. అందరూ షెడ్డులోనే, కారు చుట్టూ కూచుని జుర్రుకుంటూ తిన్నారు. పెళ్ళి మాటలు కూడా అక్కడే సగం అయిపోయాయి. సగంలో డాక్టరమ్మ కెవ్వున అరిచి, నోరు తెరుచుకున్న రోగి దగ్గరికి పరుగెత్తింది.

మర్నెల యసునోరి కారు తనిఖీలో నెగ్గింది. శీతాకాలంలో తొకుహరా గారిదీ నెగ్గింది. అప్పట్నుంచీ ఆ రెండిళ్ళ మధ్యా చక్కగా కాగితం చుట్టిన చెక్కపెట్టె ఇస్తినమ్మ వాయనం, పుచ్చుకుంటినమ్మ వాయనంలా అటూ ఇటూ తిరుగుతూనే ఉంది. అధికారికీ ఉద్యోగికీ మధ్య ఇంత మర్యాద ఎక్కడా చూడలేదని పేటంతా ముచ్చటపడుతుంది.

కురితాని తాతగారు మాత్రం ఇప్పుడు ఎవరు కానుకిచ్చినా వాళ్ళ ముందే విప్పి చూస్తున్నాడు. పేటపెద్ద అయ్యుండి ఆమాత్రం మర్యాద తెలియదేమిటని జనం విడ్డూరపడుతున్నారు.