రిఫండు ఆపవద్దని మనవి

చదువు లోను కట్టకపోతే ఇన్‌కం టాక్స్ వాళ్లు రిఫండు పట్టేసుకుంటారట. రామంతాపూర్‌లో ఎవరికో అలాగే పోయిందట. మా పక్కింటి వెంకటరమణమ్మ మెట్ల మీద చెబుతుంటే, మా ఇంటికొస్తూ విని, ఉప్పలయ్య నా చెవిన వేశాడు. యూనివర్సిటీ ఆఫీసులో ఎదురెదురు బల్లల వాళ్లం మేమిద్దరం.

నా పేరు గట్టయ్యే గాని, ఆ మాటకు గుండె పిండిముద్దయింది.

ఎందుకంటే మా ఆవిడ మహేశ్వరి లాయరు చదువుకు తీసుకున్న లోను నెలనెలా కట్టే పని నాది. మూడు నెలలుగా కట్టలేదు. ఉద్యోగుల సంఘం ఎన్నికలో గెలిచిన ఉత్సాహంలో ఆ పైసలు తార్నాకలో బిర్యానీలైపోయాయి. పైగా రాబోయే ఇరవై రెండు వేల రిఫండుతో పెద్ద దావత్ ఇస్తానని నలభై మందికి మాటిచ్చాను. మహేశ్వరికి ఇవేవీ తెలియవు.

"ఏం జేద్దాం ఉప్పలన్నా?"

"ఏమున్నది? అర్జీ పెట్టు!"

మా ఆఫీసులో ఫ్యాను తిరగకపోయినా అర్జీయే, తిరిగినా అర్జీయే. బ్యాంకు మేనేజరుకు రాశాను: 'మూడు వాయిదాలు బకాయి ఉన్నది వాస్తవమే. అయినను నా ఖాతాలో పడబోయే రిఫండును ముట్టవద్దని మనవి.' కింద అలవాటు కొద్దీ 'ప్రతులు: సంబంధితులందరికీ' అని రాసి, అందరికీ స్పీడ్ పోస్టు చేశాను.

మూడో రోజు దావత్ లిస్టు పట్టుకుని ఉప్పలయ్యతో సహా ఇంటికొస్తే, మహేశ్వరి ముందు చిక్కుడుకాయలు, పక్కన కవరు. లోను ఆమె పేరు మీదే కదా! సంబంధితుల్లో మొదటి మనిషి ఆమే. అడ్రసు నా దస్తూరీయే, పిన్‌కోడుతో సహా.

"మూడు నెల్ల నుంచి కడ్తలేవా?"

"అది గాదే... సర్కారు రిఫండు గుంజుకుంటదని..."

ఆమె అరవలేదు. ఈనెలు తీస్తూనే చెప్పింది. "పాత టాక్స్ బాకీ ఉంటె పట్టుకుంటరు. అది గూడ నోటీసు ఇచ్చినంకనే. బ్యాంకు లోనుతోని వాళ్లకేం పని? గని పైసలు పడేది లోనిచ్చిన బ్యాంకులనే. జామీను నీదే గన్క, పడ్డంక బ్యాంకోళ్లు బాకీకి మళ్లించుకోవచ్చు. వాళ్లకు యాదికి లేకున్నా నువ్వే అర్జీ పెట్టి యాది జేసినవ్."

ఒక్క పుస్తకం తిరగెయ్యలేదు. ఒక్క ఈనె మధ్యలో తెగలేదు. ఇదే సంగతి తేల్చడానికి మా ఆఫీసులో కమిటీ వేస్తే, సభ్యులంతా రిటైరయ్యేవాళ్లు. ఉప్పలయ్య గుడి ముందరిలా చెప్పులు విడిచి నిలబడ్డాడు.

"మరి ఇప్పుడెట్లనే?"

"కవరు రాంగనే పోయి మూడు వాయిదాలు కట్టొచ్చిన."

"పైసలెక్కడియి?"

"నా మొదటి కేసు ఫీజు."

నాకు నిజంగా దండం పెట్టాలనిపించింది. అంత మంచి ఘడియలో కూడా పాడు నాలుక ఊరుకోదు కదా.

"అంటే బాకీ లేదు! ఇగ నా రిఫండును ఎవ్వరాపలేరన్నట్టు!"

ఉప్పలయ్య లిస్టు విప్పాడు.

మహేశ్వరి చిక్కుడుకాయల పళ్లెం పక్కన పెట్టింది.

"సర్కారు ఆపదు. బ్యాంకు ఆపదు. నేనాపుత."