చిటికెన వేలికి చోటు లేని కెమెరా

ఆ ఉదయం పాస్‌పోర్టన్నయ్య వేసుకున్న పథకం చాలా చిన్నది. స్టూడియో తలుపు తీయాలి, నేల తుడవాలి, తెల్లతెర మీద దుమ్ము దులపాలి, ఎవరైనా వస్తే ఫోటో తీయాలి, ఎవరూ రాకపోతే కూర్చుని కొత్త కెమెరా గురించి ఫోన్లో చదువుకోవాలి. ఎవరూ రారని ఆయనకి తెలుసు. అందుకే చదువుకోవడానికి కళ్ళజోడు ముందే తుడిచి పెట్టుకున్నాడు.

ఆ పేరు పెట్టింది ఊళ్ళోని తోటి ఫోటోగ్రాఫర్లు. ఆయన ఏ దేశమూ వెళ్ళలేదు, వెళ్ళే ఉద్దేశమూ లేదు. వెళ్ళేవాళ్ళని తెల్లతెర ముందు కూర్చోబెట్టి ఫోటో తీసి పంపించడమే ఆయన పని. వయసులో ఉన్నప్పుడు ఊళ్ళో అందరి పెళ్ళిళ్ళూ తీస్తూ తన పెళ్ళి సంగతి మర్చిపోయాడు. గుర్తొచ్చేసరికి సంబంధాలు చెప్పేవాళ్ళు లేరు. స్టూడియో మీద ఉన్న గదిలోనే కాపురం. కాపురమంటే ఒక మంచం, ఒక స్టవ్వు, ఒక గ్లాసు. పొద్దస్తమానం ఆయన నోటి వెంట వచ్చే మాటలు రెండే: "గడ్డం కొంచెం దించండి", "రెప్ప వేయకండి". ఈమధ్య అవీ తగ్గిపోయాయి. ఆదివారం అక్క ఫోన్ చేస్తే, వాడక లేని గొంతు పెగలడానికి ముందు కాస్త దగ్గాల్సి వచ్చేది. "మళ్ళీ జలుబు చేసిందేమిట్రా?" అని ఆవిడ అడిగేది. అవునక్కా అనేవాడు.

ఊళ్ళోని ఫోటోగ్రాఫర్లందరికీ ఫోన్లో ఒక గ్రూపుంది. ముందురోజే ఒక పెద్ద కంపెనీ కొత్త కెమెరా ప్రకటించింది. అది అంగట్లోకి రావడానికి ఇంకా వారాలు పడుతుంది గానీ గ్రూపులో అప్పటికే ఇల్లు పీకి పందిరేస్తున్నారు. ఆడలేక మద్దెల ఓడన్నది పాత సామెత. వీళ్ళు మద్దెల తయారు కాకముందే ఓడని తేల్చేశారు.

"దీని బ్యాటరీ సగం పెళ్ళికే చచ్చిపోతుంది. మిగతా సగం పెళ్ళి నేను బొమ్మలేసి ఇవ్వాలా?" అని పెళ్ళిళ్ళు తీసే కుర్రాడు రాశాడు. బడిలో లెక్కలు చెప్పి రిటైరై, పిట్టల వెంట పడిన మాస్టారు, "షట్టర్ చప్పుడు లేదట, పిట్టలు బెదరవు! నా జన్మ ధన్యమైంది" అన్నారు. పత్రికలో పనిచేసే అమ్మాయి, "పోయిన ఏడు కూడా మీ జన్మ ధన్యమైంది మాస్టారూ, వేరే కెమెరాకి" అంది. చేతికొస్తే గానీ చెప్పలేమన్నవాళ్ళు ఒక్కరూ లేరు.

పాస్‌పోర్టన్నయ్య కూడా అప్పుడప్పుడు ఆ గ్రూపులో ఒక మాట రాసేవాడు. అందరూ చదివినట్టు గుర్తులు పడేవి, జవాబు మాత్రం పడేది కాదు. ఒకసారి తను తీసిన ఫోటో పెట్టి ఎలా ఉందని అడిగితే, దాని కింద ఎవరో "పాత ట్రైపాడ్ ఎవరి దగ్గరైనా ఉందా?" అని రాశారు. ఆయన తన ట్రైపాడ్ ఇచ్చేశాడు. అది తీసుకోవడానికైనా ఒక మనిషి వచ్చాడు కదా అని సంతోషించాడు కూడా.

కొత్త కెమెరా విషయంలో ఆయన బెంగ ఒక్కటే, చిటికెన వేలు. కెమెరా పొట్టిదైతే మిగతా వేళ్ళు పట్టుకుంటాయి, చిటికెన వేలొక్కటీ కింద గాల్లో వేలాడుతుంది. ఆ చికాకు కెమెరా పట్టనివాళ్ళకి చెప్పినా అర్థం కాదు. కంపెనీవాళ్ళు పొడవూ వెడల్పూ ప్రకటించారు గనక, ఫ్రేములు కట్టే దళసరి అట్ట తీసి, ఆ కొలతలకి కోసి, అంటించి, నల్ల కాగితం చుట్టి, ముందు ఒక పాత లెన్సు బిగించి కెమెరా బొమ్మ తయారు చేశాడు. పట్టుకుని చూస్తే భయపడ్డట్టే అయింది. వేలు గాల్లోనే ఉంది.

అంతటితో ఊరుకుంటే ఈ కథ లేదు. కానీ ఎదురుగా ఒక వస్తువుంటే దానికి లైటు పెట్టకుండా ఉండలేని చెయ్యి ఆయనది. ఒక పక్కనుంచి మెత్తటి వెలుతురు పెట్టాడు, వెనకనుంచి సన్నటి గీతలా ఇంకొకటి పడనిచ్చాడు. తన పాత కెమెరాతో ఫోటో తీసి, "చిటికెన వేలికి చోటు లేదు. ఏం చేద్దాం?" అని రాసి గ్రూపులో పెట్టాడు. అట్ట అని ఎవరికైనా తెలుస్తుంది కదా అనుకున్నాడు. అనుకోవడమెందుకు, అసలు ఎవరైనా చూస్తారనే అనుకోలేదు.

కాసేపటికి ఫోను బల్లమీద గిలగిల కొట్టుకోవడం మొదలెట్టింది. "అన్నయ్య దగ్గరికి కెమెరా వచ్చేసింది!" "కంపెనీవాళ్ళే పరీక్షించమని పంపుంటారు." "మౌనంగా ఉండేవాళ్ళతోనే జాగ్రత్తగా ఉండాలని నేను ముందే అన్నాను." ఆయన కంగారుపడి "అది అట్ట" అని రాశాడు. ఇంకా పంపలేదు, గుమ్మంలో చప్పుడైంది. పెళ్ళిళ్ళ కుర్రాడు బండి దిగి, చెప్పులు ఒకటి ఇక్కడా ఒకటి అక్కడా విడిచి లోపలికొచ్చాడు.

"అన్నయ్యా! ఎలా ఉన్నావన్నయ్యా? ఎన్నాళ్ళయిందన్నయ్యా నిన్ను చూసి!"

అన్నయ్యా అన్న మాట ఒక్క గుక్కలో అన్నిసార్లు వినేసరికి పాస్‌పోర్టన్నయ్య పంపబోతున్న వేలు వెనక్కి తీసుకున్నాడు. అంతలో మాస్టారూ, ఆ వెనకే పత్రికమ్మాయీ వచ్చారు. కుర్చీ ఒక్కటే ఉంది. మాస్టారు దాంట్లో కూర్చున్నారు, పత్రికమ్మాయి ఫోటోలకి కూర్చునే స్టూలు లాక్కుంది, కుర్రాడు నేలమీద చతికిలబడ్డాడు. స్టూడియో నిండిపోయింది. ఆయన ఫోన్లో రాసిన రెండు మాటలూ చెరిపేసి, టీ తేవడానికి వీధిలోకి పరిగెత్తాడు.

వెళ్ళేముందు బొమ్మని మాత్రం అద్దాల బీరువాలో పెట్టి తాళం వేశాడు. ఆ తాళమే కొంప ముంచింది.

"ముట్టుకోనివ్వద్దన్నారా కంపెనీవాళ్ళు?" అని, ఆయన టీ తేగానే మాస్టారు గొంతు తగ్గించి అడిగారు.

"అంటే... ముట్టుకుంటే నొక్కుకుపోతుంది మాస్టారూ" అన్నాడు ఆయన, ఉన్నమాటే.

"చూశారా, ఎంత సున్నితంగా చేశారో!" అని మాస్టారు మిగతా ఇద్దరి వైపూ తిరిగారు.

"పోనీ దాంతో మా ఫోటోలు తీసి చూపించండి అన్నయ్యా. మేం దూరంగానే కూర్చుంటాం" అంది పత్రికమ్మాయి.

కాదంటే లేచి వెళ్ళిపోతారు. అవునంటే అబద్ధం. ఆయన లోపలికెళ్ళి తన పాత కెమెరాకి నల్లగుడ్డ చుట్టి, లెన్సు మాత్రం బయటికి ఉంచి తెచ్చాడు. గుడ్డ ఎందుకని ఎవరూ అడగలేదు. రహస్యం రహస్యంలా కనిపిస్తుంటే జనానికి ఇంకేమీ అక్కర్లేదు.

ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి, గడ్డం దించమని, నింపాదిగా తీశాడు. అంతకుముందు వచ్చేవాళ్ళంతా బస్సుకో ఆఫీసుకో తొందరలో ఉండేవాళ్ళు. మనిషి మొహాన్ని ఇంత సేపు చూడనిచ్చినవాళ్ళు ఆయనకి చాలాకాలంగా దొరకలేదు. మాస్టారిని పిట్టల గురించి అడిగాడు, ఆయన చెప్తూ చెప్తూ కెమెరా సంగతి మర్చిపోయాక తీశాడు. పత్రికమ్మాయి రోజంతా ఊరివాళ్ళ మొహాలు తీసేదే గానీ ఆమె మొహం తీసినవాళ్ళు లేరట. ఆ మాట అని ఆమె నవ్వేసింది. ఆ నవ్వు ఆరిపోతున్నప్పుడు తీశాడు.

ఫోటోలు చూడ్డానికి ముగ్గురూ తలలు ఆనించి వంగారు. తర్వాత ముగ్గురూ ఒక్కసారే మాట్లాడారు.

"ఆ రంగు చూడు! పాతవాటిలో వచ్చి చస్తుందా?"

"నీడలో కూడా ప్రతి వెంట్రుకా లెక్కపెట్టొచ్చోయ్!"

"నేను ఇంత బాగుంటానా?" అంది పత్రికమ్మాయి మెల్లిగా. వెంటనే గొంతు సవరించుకుని, "అంటే కెమెరాలో సెన్సర్ గొప్పదన్నమాట" అంది.

ఆ సాయంత్రం ఆ ఫోటోలు గ్రూపులోకి, గ్రూపులోంచి పక్క ఊళ్ళ గ్రూపుల్లోకి వెళ్ళాయి. మర్నాటినుంచి స్టూడియోకి జనం. పాస్‌పోర్టన్నయ్య రెండు బెంచీలు అద్దెకి తెచ్చాడు, టీ గ్లాసులు కొన్నాడు. "ఈ కెమెరా గుణాలు నేను చెప్పానని రాయకు, కంపెనీకి కోపమొస్తుంది" అని ఒకరంటే, "కోపమెందుకు, నేను అప్పుడే రాసేశాను" అని ఇంకొకరు. గోరంతలు కొండంతలవుతుంటే ఆయన బెంచీల మధ్య టీ అందిస్తూ తిరిగాడు. ఆదివారం అక్క ఫోన్ చేస్తే దగ్గకుండానే గొంతు పలికింది. "జలుబు తగ్గిందిరా!" అని ఆవిడ సంతోషించింది. "తగ్గిందక్కా, ఇక్కడ మనుషులున్నారు, మళ్ళీ చేస్తా" అని పెట్టేశాడు. ఆ మాట అన్నాక కాసేపు ఫోను పట్టుకుని అలాగే నిలబడ్డాడు, అంత బాగుంది.

అయితే పెళ్ళిళ్ళ కుర్రాడు ఓ సాయంత్రం గుట్టుగా చెవిలో, "అన్నయ్యా, నా కెమెరాలు రెండూ బేరం పెట్టేశాను. నీ ఫోటోలు చూశాక వాటిని పట్టుకోబుద్ధి కావట్లేదు" అన్నాడు. వాడి ఇల్లు గడిచేది ఆ రెండింటితోనే. పాస్‌పోర్టన్నయ్య తాగుతున్న టీ ఆపేశాడు. నిజం చెప్తే బెంచీలు ఖాళీ అయిపోతాయి. చెప్పకపోతే వాడు మునిగిపోతాడు. గ్లాసు బెంచీమీద పెట్టి, లేచి నిలబడ్డాడు.

"ఒక్క మాట" అన్నాడు. అందరూ తిరిగారు. బీరువా తాళం తీసి, బొమ్మ బయటికి తెచ్చి, బొటనవేలితో నొక్కాడు. అది సొట్టపడింది. "ఇది అట్ట. నేను చేసుకున్నాను. మీ ఫోటోలన్నీ తీసింది దీంతో" అని నల్లగుడ్డ విప్పి పాత కెమెరా చూపించాడు. అరిగిపోయిన రబ్బరు పట్టు, ఊడకుండా అంటించిన టేపు. "నన్ను క్షమించండి. మీరు వస్తుంటే బాగుండి, నిజం చెప్పలేదు."

అందరూ ముందుకి వంగి ఆ సొట్ట వైపు చూశారు. ఆఖరికి మాస్టారు తొడ చరిచి నవ్వారు.

"ఎంత జాగ్రత్తపరులోయ్ కంపెనీవాళ్ళు! అసలుది దాచేసి అట్టది చూపించమన్నారా?"

"కాదు మాస్టారూ, అసలుది లేనే లేదు."

"లేదనే చెప్పాలిగా మరి. బయటపెట్టనని సంతకం పెట్టించుకునుంటారు, పాపం" అంది పత్రికమ్మాయి. "ఇంక అన్నయ్యని ఇబ్బంది పెట్టకండి."

ఆయన కుర్రాణ్ణి చెయ్యి పట్టుకుని పక్కకి తీసుకెళ్ళి, "ఒరేయ్, నా మాట విను. నీ కెమెరాలు అమ్మకు" అని బతిమాలాడు. వాడి మొహం మాడిపోయింది. "అంటే నేను బాగుపడటం నీకిష్టం లేదా అన్నయ్యా?" అని, మర్నాడు అమ్మాల్సినవి ఆ పూటే అమ్మేశాడు.

కొత్త కెమెరా అంగట్లోకి వచ్చిన రోజున స్టూడియోకి పురుగు కూడా రాలేదు. అందరూ అక్కడ వరసలో నిలబడి ఉన్నారు. పాస్‌పోర్టన్నయ్య కడిగిన గ్లాసులే మళ్ళీ కడిగాడు. మర్నాడూ రాలేదు, ఆ మర్నాడూ రాలేదు. బెంచీలవాడొచ్చి, "ఇంకా కావాలా?" అని అడిగితే, "ఉండనీ" అన్నాడు. ఉండనీ అన్నాడే గానీ, ఖాళీ బెంచీలున్న గది ఒక్క కుర్చీ ఉన్న గదికన్నా పెద్దదిగా కనిపించి, వాటిని చూడకుండా వీధివైపు తిరిగి కూర్చున్నాడు.

తర్వాత ఒక మధ్యాహ్నం ముగ్గురూ కొత్త కెమెరాలు మెళ్ళో వేసుకుని వచ్చారు. ముగ్గురి మొహాలూ కందగడ్డల్లా ఉన్నాయి.

"ఏం పెట్టి తీశావన్నయ్యా? మాకా ఫోటోలు రావట్లేదు!"

"పిట్ట పిట్టలానే ఉంది గానీ ప్రాణం లేదోయ్!"

"వేలు కూడా వేలాడుతోంది" అంది పత్రికమ్మాయి.

"ఆ రోజే చెప్పాను కదర్రా" అని ఆయన పాత కెమెరా తెచ్చి బల్లమీద పెట్టాడు. దాంట్లో వాళ్ళ ఫోటోలు ఇంకా ఉన్నాయి. ఒక్కొక్కటీ తిప్పి చూపించాడు. ముగ్గురూ వంగి చూశారు. నిజం తలకెక్కడం కనిపిస్తూనే ఉంది.

పాస్‌పోర్టన్నయ్య ఊపిరి బిగబట్టాడు. ఇప్పుడు ఎవరో ఒకరు "అయితే ఇది నీ గొప్పే అన్నయ్యా" అంటారు. తనే అనేద్దామన్నంత ఆత్రం వచ్చింది, కానీ ఆ మాట తన నోటినుంచి వస్తే దానికి విలువేముంది?

"అయితే అసలు గొప్పతనం ఈ పాత మోడల్‌దన్నమాట!" అన్నారు మాస్టారు.

"ఇలాంటిది ఇంకోటి ఎక్కడ దొరుకుతుందో ముందు గ్రూపులో అడుగుదాం" అంటూ పత్రికమ్మాయి ఫోన్ తీసింది. కుర్రాడు అప్పటికే ఆ కెమెరాని ఒడిలో పెట్టుకుని నిమురుతున్నాడు. "ఎల్లుండి పెళ్ళుందన్నయ్యా, ఒక్కసారి అరువిస్తావా?" అన్నాడు. ఆయన తలూపాడు. వాళ్ళు వచ్చినంత వేగంగానే వెళ్ళిపోయారు. ఆయనకి ఏడుపొచ్చినంత పనైంది. తెల్లతెర ముందున్న స్టూలు మీద తనే కూర్చుని, గడ్డం దించుకుని, చాలాసేపు ఉండిపోయాడు.

పెళ్ళి అయ్యాక కుర్రాడు కెమెరా తెచ్చి బల్లమీద పెట్టాడు. వాడి వెనక మాస్టారూ పత్రికమ్మాయీ కూడా ఉన్నారు. వాళ్ళూ మధ్యలో తలా ఒక పూట వాడి చూశారట.

"దీనికేదో రోగమొచ్చిందన్నయ్యా. మా చేతుల్లో ఒక్క ఫోటో సరిగ్గా రాలేదు. ఓసారి బాగుచేయించు" అన్నాడు కుర్రాడు.

పాస్‌పోర్టన్నయ్య కెమెరాని చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, చెవి దగ్గర పెట్టుకుని విని, పెద్ద రోగమే అన్నాడు. ఎప్పటికి బాగవుతుందని మాస్టారు అడిగితే, చెప్పలేమని, రోజూ సాయంత్రం వచ్చి కనుక్కుంటూ ఉండమని చెప్పాడు.