మేస్త్రిగారి తమ్ముడు

ఆ ఉదయం మేస్త్రి పెట్టుకున్న పని చాలా చిన్నది. పళ్ల డాక్టరుగారు ఫోనులో చెప్పి ఆసుపత్రికి చేయించుకున్న ఆరు కుర్చీల మీదా ఒక్కొక్కసారి కూర్చోవడం, వాటిని బండి ఎక్కించడం, భోంచేసి కాస్త నడుం వాల్చడం. కూర్చోవడమేమిటంటే, ఆయన దుకాణానికి అదే ముద్ర. ఏ కుర్చీ తయారైనా మేస్త్రి తన భారీ శరీరాన్ని దాని మీద ధబ్బున పడేసి, రెండు కాళ్లూ గాల్లోకెత్తి ఒక ఊపు ఊగేవాడు. కిర్రుమనకపోతే అమ్మకానికి పనికొచ్చినట్టే. జనం ఆ తమాషా చూసి మరీ కొనేవారు.

ఇప్పుడు ఆ శరీరం లేదు. మోకాళ్లు మొరాయించడంతో, భార్య పోరు పడలేక, యాభై దాటాక మేస్త్రి పట్టుబట్టి నలభై కిలోలు తగ్గాడు. మెట్లెక్కి ఆయాసం లేకుండా మాట్లాడటం, వంగి తన చెప్పులు తనే తొడుక్కోవడం ఆయనకింకా కొత్తగానే ఉన్నాయి. అద్దంలో కనిపించే మనిషిని చూసి, ఎవరో చుట్టం వచ్చాడనుకుని ఉలిక్కిపడేవాడు. ఆరు కుర్చీల మీదా కూర్చున్నాడు. ఒక్కటీ కిక్కురుమనలేదు. బండి వెళ్లిపోయింది.

నడుం వాల్చేలోగా ఫోను మోగింది.

"మేస్త్రిగారున్నారా? మీ కుర్చీ కాలు విరిగి హెడ్మాస్టరుగారు పడిపోయారు!"

మేస్త్రి పరుగెత్తాడు. పరుగెత్తగలిగినందుకు దారిలో కాస్త సంతోషించాడు కూడా.

ఆసుపత్రి ముందుగదిలో హెడ్మాస్టరు గోడకానుకుని నిలబడి ఉన్నాడు. బాగా లావుపాటి మనిషి. దెబ్బలేమీ తగల్లేదు. పీకించుకుందామని వచ్చిన పన్ను మాత్రం ఆ అదురుకి దానంతటదే ఊడి చేతిలోకొచ్చింది. అందుకు డాక్టరుకి మరింత ఒళ్లు మండుతోంది. మూల కూర్చున్న ఇద్దరమ్మాయిలు నోటికి చేతులడ్డం పెట్టుకుని నవ్వాపుకుంటున్నారు.

ఆ నవ్వు మేస్త్రికి బాగా తెలుసు.

"ఎవరయ్యా నువ్వు? మేస్త్రిగారేరీ?" అన్నాడు డాక్టరు.

"నేనేనండీ."

"ఊరుకోవయ్యా! ఆయన్ని నేనెరగనా? వాళ్లావిడకి పన్ను నొప్పని తీసుకొచ్చి, లోపల నా కుర్చీలో తను ఒక్క నిమిషం కూర్చుంటే మోటారు ఆగిపోయింది. నువ్వాయన తమ్ముడివా?"

మేస్త్రి హెడ్మాస్టరు మొహం చూశాడు. ఆ మొహం ముందు నిలబడి, చేసింది నేనే అనడానికి నోరు రాలేదు.

"అవునండీ. అన్నయ్యకి... ఒంట్లో బాగోలేదు."

"అదీ సంగతి! ఆయన కూర్చోకుండానే పంపించేశారన్నమాట. ఇవన్నీ తీసుకుపో. ఆయన లేచాక, కూర్చుని చూసినవే పంపమను."

మేస్త్రి హెడ్మాస్టరుకి ఇంకో కుర్చీ జరిపాడు. "కూర్చోండి సార్."

"వద్దులే బాబూ. నిలబడే అలవాటు. పాఠాలు చెప్పేవాణ్ణి కదా" అన్నాడాయన.

అబద్ధానికి కాళ్లొచ్చాయి. ఆసుపత్రికి వచ్చిపోయేవాళ్ల నోళ్లలో మేస్త్రికి సాయంత్రానికి జ్వరం వచ్చింది. మర్నాడు మంచం పట్టాడు. ఆ మర్నాడు మాట పడిపోయింది. పరామర్శకి ఫోను చేసినవాళ్లతో "నేను బాగానే ఉన్నానండీ" అంటే, "అచ్చం అన్నగారి గొంతే బాబూ" అని అవతలివాళ్లు భోరుమన్నారు.

విరిగిన కుర్చీని మేస్త్రి ఇంట్లో పాత కుర్చీ పక్కన పెట్టి చూసుకున్నాడు. కాళ్లు వేలి మందం తగ్గాయి. ఎప్పుడలా చిత్రిక పట్టాడో తనకే తెలీదు. ఇన్నాళ్లూ ప్రతి కుర్చీనీ తను పడిపోతానేమోనన్న భయంతో చేశాడు. ఒళ్లు తగ్గగానే ఆ భయం పోయింది. ఇంకా అలా భయపడేవాళ్లు ఉన్నారన్న ధ్యాస కూడా పోయింది. ఆయనకి తన మీద తనకే అసహ్యం వేసింది.

వెళ్లి బిస్కెట్ల డబ్బా తెచ్చి ముందు పెట్టుకున్నాడు.

"ఏంటండీ ఇది?" అంది భార్య.

"మళ్లీ లావవుతాను. నా పనికి నా ఒళ్లే హామీ. అది లేకపోతే నా కుర్చీని ఎవడు నమ్ముతాడు?"

ఆమె డబ్బా లాక్కుంది. "మీ గురక ఆగినప్పుడల్లా ఊపిరే ఆగిందేమోనని లేచి కూర్చునేదాన్ని. ఈమధ్యే కంటినిండా నిద్రపోతున్నాను. అది మళ్లీ చెడగొడతారా? కాళ్లు మందంగా పెట్టి చెయ్యండి. బరువంటారా, నేను లేనూ?"

కొత్త కుర్చీ తయారైంది. మేస్త్రి కూర్చున్నాడు. భార్య అటూ ఇటూ చూసి ఆయన ఒళ్లో కూర్చుంది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఇదే మొదటిసారి. ఇదివరకు ఆయనకి పొట్టే తప్ప ఒడి ఉండేది కాదు. ఇద్దరూ నాలుగు కాళ్లూ గాల్లోకెత్తి, చిన్నపిల్లల్లా నవ్వుతూ ఊగారు. కుర్చీ కిర్రుమనలేదు.

కిర్రుమన్నది తలుపు. యాపిల్ పళ్ల సంచితో డాక్టరు, ఆయన వెనక హెడ్మాస్టరు, రోగిని చూసిపోదామని వచ్చి గుమ్మంలో నిలబడిపోయారు.

"అన్న లోపల మంచాన పడుంటే, ఇక్కడ వదినతో... ఛీ ఛీ!" డాక్టరు చేతిలోంచి సంచి జారింది.

"ఈయనే మా ఆయనండీ!" అంది భార్య గభాల్న లేచి.

"ఇంకేమంటావులేమ్మా!"

మేస్త్రి డాక్టరుతో వాదించలేదు. హెడ్మాస్టరు దగ్గరికెళ్లాడు.

"సార్, మొన్న మీరు పడ్డ కుర్చీ చేసింది నేనే. చెప్పే ధైర్యం లేకపోయింది. మీరు ఎక్కడికెళ్లినా ముందు కుర్చీ కాళ్లు చూస్తారు. తర్వాత ఎవరైనా చూస్తున్నారేమోనని చూస్తారు. చేతుల కుర్చీ అయితే ఇరుక్కుపోతామని నిలబడే అలవాటంటారు. కూర్చున్నా సగం బరువు తొడల మీదే ఆపుకుంటారు. ఇంటికెళ్లేసరికి తొడలు పీకుతుంటాయి. పాతికేళ్లు నేనూ అలాగే కూర్చున్నాను సార్. కాస్త తగ్గగానే మరిచిపోయాను. క్షమించండి."

హెడ్మాస్టరు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఆ సగం బరువు సంగతి మా ఆవిడక్కూడా చెప్పలేదు నేను."

ఆయన వచ్చి కొత్త కుర్చీలో కూర్చున్నాడు. ముందు సగం, తర్వాత మొత్తం. కాసేపటికి కాళ్లు కూడా పైకెత్తి, "డాక్టరూ, మేస్త్రి ఈయనే" అన్నాడు.

హెడ్మాస్టరు మాట కాదనలేక డాక్టరు కొత్తగా చేసిన ఆరు కుర్చీలూ తీసుకున్నాడు. మేస్త్రిగారి తమ్ముడి బాగోతం మాత్రం తన రోగులకి ఇప్పటికీ చెబుతూనే ఉన్నాడు. వాళ్లంతా నోరు తెరుచుకుని ఉంటారు కాబట్టి ఇంతవరకూ ఎవరూ అడ్డు చెప్పలేదు.