నిలబడ్డ మనిషి, ఎత్తు నూట డెబ్భై

ఏ భవనమైనా ముందు కంప్యూటర్లో పూర్తిగా లేచి నిలబడాలనీ, ఆ తర్వాతే నేల మీద లేవడానికి దానికి అనుమతి ఉంటుందనీ, రెండింటికీ ఎక్కడైనా తేడా వస్తే తప్పు నేల మీదదేననీ నమూనాల శాఖ తీర్మానించి ఏడేళ్లయింది. అప్పటినుంచి భవనాలు ఎంతో క్రమశిక్షణతో ఉంటున్నాయి. (ఒకచోట కట్టేసిన మెట్లు మోడల్లో లేవని తేలితే, మెట్లు కూల్చి మోడల్ గౌరవం కాపాడారు. పై అంతస్తువాళ్లు ఇప్పుడు నిచ్చెన వాడుతున్నారు. నిచ్చెన ఫర్నిచర్ కిందికి వస్తుంది కాబట్టి శాఖకు అభ్యంతరం లేదు.)

ఆ శాఖలో మోడళ్లు తయారుచేసే ఆమెను అందరూ మోడలమ్మ అంటారు. తలుపు, కిటికీ, నీళ్ల పైపు, దేన్నయినా సరే మౌస్‌తో పట్టుకెళ్లి దాని చోట కూర్చోబెట్టగలదు. తనకు మాత్రం ఒక చోటంటూ లేదు. ఆరేళ్లుగా కాంట్రాక్టు మీద పనిచేస్తోంది. ఆరు నెలలకోసారి పొడిగిస్తారు. పర్మనెంట్ చేయమని పెట్టుకున్న అర్జీ "తగిన ఖాళీ ఏర్పడినప్పుడు పరిశీలించబడును" అన్న ముక్కతో పన్నెండుసార్లు తిరిగొచ్చింది. ఆ ముక్క చదివిన ప్రతిసారీ ఆమెకు ఒళ్లు మండేది. పైకి మాత్రం సరే సార్ అనేది.

ఆ సార్‌ని ఆఫీసులో తాళాలాయన అంటారు. ఆమోదం పొందిన ప్రతి మోడల్‌కూ, ఇక ఎవరూ ముట్టుకోకుండా తాళం వేసేది ఆయనే. ఆయనకు సాఫ్ట్‌వేర్ తెరవడం రాదుగానీ, దాన్నెలా వాడాలో చిట్కాలు రాయడంలో ఆయన్ను మించినవారు లేరు. ఆ చిట్కాల కాగితం మోడలమ్మ కంప్యూటర్ అంచుకు అతికించి ఉంటుంది. గోడను వట్టి గీతగా గీయరాదు, తాను గోడనన్న సంగతి గోడకు తెలిసి ఉండాలి, అన్నది మొదటిది. తలుపును గాలిలో పెట్టరాదు, గోడలోనే పెట్టాలి. గోడ తీసేస్తే తలుపూ దానంతటదే పోతుంది, అన్నది రెండోది. (కాంట్రాక్టు ఉద్యోగులకు ఇది ఎవరూ చెప్పకుండానే అర్థమవుతుంది.) నాలుగోది ఎర్ర అక్షరాల్లో ఉంటుంది: ఏ వస్తువు పెట్టినా, దాని వివరాల్లో ఒక్క గడి కూడా ఖాళీగా వదలరాదు. మూడోది లేదు. ఎందుకు లేదని అడగడానికి ఫారం ఉంది.

నిజానికి ఇవన్నీ మంచి చిట్కాలే. వాటిని తు.చ. తప్పకుండా పాటించబట్టే ఇంత వచ్చింది.

ఆ ఏడాది దరఖాస్తుల స్వీకరణ భవనం అని ఒకటి తలపెట్టారు. మోడల్ పూర్తయ్యాక తాళాలాయన వచ్చి, ఆమె కుర్చీ వెనక నిలబడి చూశాడు.

"హాలు బోసిగా ఉందేంటమ్మా? ఎంత పెద్దదో తెలిసేట్టు ఎవరినైనా ఒకరిని నిలబెట్టు."

సాఫ్ట్‌వేర్‌లో అందుకు బొమ్మ మనుషులు సిద్ధంగా ఉంటారు. ఒకరిని తెచ్చి కౌంటర్ దగ్గర నిలబెట్టింది. ఎత్తు గడిలో ముందే నూట యాభై రెండు సెంటీమీటర్లని ఉంది. సరిగ్గా మోడలమ్మ ఎత్తు. చిన్నప్పుడు బడిలో ఎప్పుడూ వరుసకు మొదట నిలబడీ, ఇప్పుడు వంటింట్లో పై అరలోని డబ్బా కోసం రోజూ స్టూలెక్కీ, ఆమెకు ఆ అంకె అంటేనే విసుగు. కంప్యూటర్లోనైనా ఒకరిని పొడుగ్గా ఉండనీ అనుకుని నూట డెబ్భై కొట్టింది. తర్వాత నాలుగో చిట్కా గుర్తొచ్చి మిగతా గడులూ నింపింది. పేరు: నిలబడ్డ మనిషి. దేనితో చేసినది: మనిషి. తాత్కాలికమా, శాశ్వతమా అన్నచోట కొంచెం ఆలోచించింది. పని అయ్యాక ఊడదీసే సామానే తాత్కాలికం కాబట్టి, శాశ్వతం అని పెట్టింది.

మోడల్‌కు ఆమోదం వచ్చింది, తాళం పడింది.

ఎనిమిది నెలల తర్వాత మేస్త్రీ ఆమెను వెతుక్కుంటూ వచ్చాడు. చేతిలో సామాన్ల జాబితా ఉంది. మోడల్లో ఏమేం ఉన్నాయో సాఫ్ట్‌వేర్ తనంతట తానే లెక్కపెట్టి ఇచ్చిన జాబితా అది.

"తలుపులు పద్నాలుగూ పెట్టేశామమ్మా. కిటికీలు ఇరవై రెండు, కుళాయిలు తొమ్మిది. ఈ నిలబడ్డ మనిషి ఒక్కటే మిగిలింది. నాలుగు షాపులు తిరిగాను. టైల్స్ వాళ్లనడిగితే శానిటరీ వాళ్ల దగ్గరుంటుందన్నారు."

మోడలమ్మ గబగబా తాళాలాయన గదికి వెళ్లింది.

"సార్, అది కొలత తెలియడానికి పెట్టిన మనిషి. జాబితాలోకి రాకుండా చూడటం మర్చిపోయాను. తాళం తీస్తే ఒక్క క్షణంలో చెరిపేస్తాను."

"ఆమోదించిన మోడల్లో మనిషిని చెరుపుతావా? ఒక్క వస్తువు తగ్గినా భవనం అప్పగించుకోరు."

"పోనీ ప్లాస్టర్ బొమ్మ పెడదామా సార్?"

ఆయన జాబితా మీద వేలు పెట్టాడు. "దేనితో చేసినది అన్నచోట ఏం రాశావు?"

ఆమె ఆ వేలి కింద చూసింది. మనిషి అని ఉంది.

"గడి ఖాళీగా వదల్లేదు. అందుకు నిన్ను మెచ్చుకోవాలి," అన్నాడు. మెచ్చుకున్నాడు కూడా.

ఫైలు పైకి వెళ్లి, ఉద్యోగ ప్రకటనగా కిందికి వచ్చింది. నిలబడ్డ మనిషి, ఒకటి, శాశ్వత ఉద్యోగం. పని వేళల్లో రెండో కౌంటర్ పక్కన, కుడికాలు అర అడుగు ముందుకు వేసి, కిటికీ వైపు చూస్తూ ఉండవలెను. చదువు అవసరం లేదు. ఎత్తు నూట డెబ్భై. (కూర్చోవడం మోడల్లో లేనందువల్ల కుర్చీ ఇవ్వబడదు.)

ఇంట్లో ఆరిన బట్టలు మడతపెడుతూ ఆమె భర్త ఆ ప్రకటన చదివాడు.

"నువ్వే పెట్టుకోరాదూ? ఆరేళ్లు కూర్చుంటే కానిది నిలబడితే అవుతుందేమో."

"నేను భవనాలు చేసేదాన్నండీ."

"చేసేవాళ్లకు ఖాళీ లేదన్నారుగా."

ఆమెకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. మర్నాడు దరఖాస్తు ఇచ్చింది. ఇంకా తెరవని ఆ భవనానికి అందిన మొదటి దరఖాస్తు అదే.

హాల్లోనే కొలతలు తీశారు. టేపు మేస్త్రీ పట్టుకున్నాడు.

"మడమలు కాస్త లేపండమ్మా," అని గొణిగాడు.

ఆమె లేపింది.

"మోడల్లో మడమలు నేలకే ఉన్నాయి," అన్నాడు తాళాలాయన.

నూట యాభై రెండు వచ్చింది.

"సార్, ఆ నూట డెబ్భై నేను కొట్టిందే. అంతకుముందు నూట యాభై రెండే ఉండేది. మళ్లీ అదే పెట్టేస్తాను."

"తాళం పడ్డ మోడల్లో అంకె మార్చే అధికారం శాశ్వత ఉద్యోగులకే ఉందమ్మా."

"శాశ్వత ఉద్యోగిని కావడానికే కదా సార్, మారుస్తానంటున్నది."

"అయ్యాక మార్చుకో. ఎవరొద్దన్నారు?"

పద్దెనిమిది సెంటీమీటర్లు. తన చేత్తో తానే తనకు అడ్డంగా కట్టుకున్న గోడ. ఆ గోడకు తాను గోడనని బాగా తెలుసు.

తాళాలాయన చుట్టూ చూశాడు. టేపు తీసుకుని మేస్త్రీని కొలిచాడు. నూట డెబ్భై.

"నాకు మోకాళ్ల నొప్పులండీ," అన్నాడు మేస్త్రీ.

"మోకాళ్లకు గడి లేదు."

మేస్త్రీ ఆమె వైపు తిరిగి, "ఏమనుకోకండమ్మా," అన్నాడు. ఏమీ అనుకోలేదని చెప్పింది. చాలానే అనుకుంది. అయినా కుడికాలు ఎంత ముందుకు వేయాలో మూడు రోజులు ఆయనకు నేర్పింది ఆమే.

భవనం తెరిచారు. ఒక మనిషి కౌంటర్ దగ్గర నిలబడ్డాడంటే అది క్యూ కాక మరేమిటని జనం మేస్త్రీ వెనక వరుస కట్టారు. మధ్యాహ్నానికి వరుస గేటు దాటింది. ఒక్కరూ ముందుకు కదల్లేదు, ఒక్కరూ ఆశ్చర్యపోలేదు. భవనం అనుకున్నట్టే పనిచేస్తోందని శాఖ ప్రకటించింది.

తర్వాతి భవనానికి మోడల్ పూర్తయ్యాక, మోడలమ్మ ఎవరూ చెప్పకుండానే హాల్లో ఒక మనిషిని నిలబెట్టి, ఎత్తు గడి ముట్టుకోకుండా నూట యాభై రెండుకే వదిలేసింది. తాళాలాయన వెనకనుంచి చూశాడు.

"ఈసారి మనుషులొద్దమ్మా. మొక్క పెట్టు."

మనిషిని తీసేసి మొక్క పెట్టింది. ఎత్తు నూట యాభై రెండు. శాశ్వతం.

ఆ నెలాఖరున ఆమె కాంట్రాక్టు ఇంకో ఆరు నెలలు పొడిగించారు. మొక్కకు పొడిగింపు అక్కర్లేదు.