మధ్యస్తుల భద్రతలో నిర్మలమ్మ ఫోన్

ప్రొద్దుటూరు నిర్మలమ్మ ఫోన్‌కు భద్రత కల్పించే విషయమై ఆదివారం ఉదయం ఆమె ఇంట పంచాయితీ జరిగిందనీ, అందులో ఎవరికీ దెబ్బలు తగలలేదనీ తెలియజేయడం సంతోషకరం.

తగవు చిన్నదే. సెక్యూరిటీ అప్‌డేట్లు నా అంతట నేనే తెచ్చుకోనా, నువ్వు చెప్పినప్పుడు తెచ్చుకోనా అని ఫోన్ అడిగింది. దిక్కులేనివాళ్లయితే ఇలాంటి ప్రశ్నకు వేలితో జవాబు చెప్పేస్తారు. నిర్మలమ్మది పరువున్న కుటుంబం. అందుకని ఇంట్లో మగవాళ్లను అడిగింది.

ఆమె భయం ఒక్కటే. ఆ ఫోన్‌లో అక్క మంగమ్మ గొంతు ఉంది. నిరుడు పులివెందులలో చెల్లెలిని బస్సెక్కించి, ఇంటికెళ్లి పెట్టిన వాయిస్ మెసేజి అది. "మే నిర్మలా, ఊరు చేరినావా? చేరినాక ఒక మాట చెప్పు. అంతదాంకా నాకు ముద్ద దిగదు." ఆ వారంలోనే మంగమ్మ పోయింది. పొద్దున లేచి ఆ మాట వినందే నిర్మలమ్మకు కాఫీ దిగదు. అప్‌డేట్ వచ్చి అది కాస్తా చెరిపేస్తే?

అల్లుడు సుధీర్ చిలమకూరు సిమెంటు ఫ్యాక్టరీలో ఉద్యోగి గనక యంత్రాలంటే భక్తి. ఆటోమేటిక్ పెట్టాలన్నాడు. మంగమ్మ కొడుకు పవన్ పులివెందుల నుంచి దిగి, మనం పడుకున్నాక అడక్కుండా ఇంట్లోకొచ్చేదాన్ని భద్రత అనరని, మాన్యువలే ఉండాలన్నాడు. కాసేపట్లో ఇద్దరికీ చెరో గుంపు తయారైంది. గొంతు సంగతి ఎత్తబోయిన నిర్మలమ్మను, ఇరుపక్షాలూ ఏకగ్రీవంగా, కాఫీలు కలపమని వంటింట్లోకి పంపాయి.

జమ్మలమడుగు నుంచి ఆమెకు వరసకు బావ అయ్యే నారాయణ వచ్చాడు. మూడు ఊళ్ల తగవులు తీర్చిన పెద్దమనిషి. కండువా సవరించుకుని సెలవిచ్చాడు.

"ఆటోమేటిక్ పెడితే పవన్ తల దించుకోవాల. మాన్యువల్ పెడితే సుధీర్ ఫ్యాక్టరీలో మొగమెట్లా చూపిస్తాడప్పా? తగవు తెగేదాంకా వస్తువు మధ్యస్తుని కాడ ఉండాల. గట్టు తగాదా అయినా, గొడ్డు తగాదా అయినా మన వాడుక అదే."

"బావా, దాంట్లో అక్క గొంతుంది," అంది నిర్మలమ్మ.

"అందుకే కదమ్మా, భద్రంగా పెడతాండేది."

ఫోన్ నారాయణ బీరువా చేరింది. గొంతు వినాలని నిర్మలమ్మ బస్సెక్కి జమ్మలమడుగు పోతే, ఇరుపక్షాలూ ఎదురుగా ఉంటేనే ఫోన్ చేతికివ్వడం న్యాయమని ఆయన మర్యాదగా వివరించి, భోజనం పెట్టి పంపాడు. ఇరుపక్షాలకు మాటల్లేవు గనక ఎదురుగా ఉండే వీలూ లేకపోయింది.

ఇలా ఉండగా, ఎవరిదో తెలియని నంబరు నుంచి ఆ ఫోన్‌కు పెళ్లిపత్రిక వచ్చింది. పిలుపును తెరవకపోవడం పెద్దమనిషికి తగని పని. నారాయణ తెరిచాడు. పత్రిక అడిగిన ప్రతి అనుమతికీ, పెళ్లివారి మాట కాదనకూడదని, సరే అన్నాడు. క్షణంలో ఫోన్ పరాయిదైంది. నిర్మలమ్మ పేరుతో అదే పత్రిక ఊరూరికీ పోయింది. అందుకున్న మర్యాదస్థులంతా తెరిచారు. కొందరు ఉతికిన బట్టలు కట్టుకుని కల్యాణమండపం కోసం కూడా వెదికారు.

ప్రొద్దుటూరులో ఫోన్లు బాగుచేసే అబ్దుల్ వాహిద్, మొత్తం తుడిచేయడం తప్ప దారిలేదన్నాడు. ఆ అప్‌డేట్ ముందే పడి ఉంటే ఇది జరిగేది కాదేమోననీ, అది మెసేజిల జోలికి పోదనీ అన్నాడు. ఆ మాటను పంచాయితీ పరిగణించలేదు, అతను బయటివాడు. తుడిచాక అతనే ఆటోమేటిక్ పెట్టి ఇచ్చాడు.

మళ్లీ అందరూ కూడారు. "ఇదోమ్మా నీ ఫోను. గీత కూడా పడల్యా, చూసుకో," అన్నాడు నారాయణ. ఆటోమేటిక్ అయింది గనక గెలుపు తనదేనని సుధీర్ ప్రకటించాడు. దాన్ని పెట్టింది మనిషి చెయ్యి కాబట్టి తనదేనని పవన్ ప్రకటించాడు. ఇద్దరూ కౌగిలించుకున్నారు. రెండు పక్షాలూ గెలిచిన తీర్పు ఈ ప్రాంతంలో ఇంకొకటి లేదని ఇప్పటికీ చెప్పుకుంటారు.

నిర్మలమ్మ ఏ పక్షమూ కాదు గనక, ఓడినవారెవరూ లేరు.